కల్లంలో ఆకు, వేలంలో ఆటగాడు

భద్రాచలం వంతెన దాటి సారపాక వస్తే, కాగితపు మిల్లు షిఫ్టు వదిలే వేళ టీ కొట్ల దగ్గర వినిపించే కబుర్లు ఏడాదిలో చాలా నెలలు మామూలువే. నవంబర్, డిసెంబర్ వచ్చేసరికి మాత్రం అక్కడ నిలబడ్డ ప్రతివాడూ సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమానే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలించుకోవాలి, పర్సులో ఎంత మిగిలింది, ఏ బౌలర్ కోసం ఎంత దాకా పోవచ్చు. “పది కోట్లు పెట్టి కొన్నోణ్ణి ఏడాదికే పంపిస్తరా మామా?” అని ఒకడంటే, “ఆయన వేసిన ఓవర్లు చూసినవా నువ్వు?” అని ఇంకొకడు. మణుగూరు గనుల దగ్గరా ఇదే పంచాయితీ, ఇల్లెందులోనూ ఇదే. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక పక్క రాష్ట్రమైంది గానీ, అక్కడి కుర్రాళ్ల జట్టు మాత్రం మారలేదు.

అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకు చలికాలమంతా ఇదే పని. ఆట లేని ఆ నెలల్లో ఏ జట్టు ఎవరితో ఒప్పందం చేసుకుంది, ఎవరికి బదులు ఎవరిని ఇచ్చింది అన్నదాని మీద అక్కడ తరాల తరబడి వాదులాటలు సాగుతున్నాయి. మనకు ఈ జబ్బు 2008లో ఐపీఎల్‌తో పట్టుకుంది. డబ్బు మనది కాదు, సంతకం మనది కాదు, అయినా తిండి మానేసి వాదిస్తాం. ఆ వాదనల్లో గట్టిగా అరిచేవాడే గెలుస్తాడని అనుకుంటాం గానీ, ఇందులో కొంత భాగానికి లెక్క ఉంది. ఆ లెక్క చెప్పే సంగతి మాత్రం ఇరుపక్షాలకూ రుచించదు.

అసలు ఇలాంటి వేలం ఈ అడవికి కొత్తేమీ కాదు. తునికాకు సంగతే తీసుకోండి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టంతో బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటినుంచి అటవీ శాఖ అడవిని యూనిట్లుగా విడగొట్టి టెండర్లు పిలుస్తుంది. ఎండలు ముదిరాక కోయ కుటుంబాలు ఆకు తెంపి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి తెస్తాయి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అయితే గుత్తేదారు రేటు వేసేది ఆకు కల్లంలో ఆరుతున్నప్పుడు కాదు. ఆకు ఇంకా చెట్టు మీద కూడా సరిగా రాకముందే. కొమ్మ ఎంత బాగా కొట్టారో, చిగురు ఎలా వస్తుందో, ఏప్రిల్‌లో గాలివాన పడుతుందో, వడగళ్లు ఆకుకి చిల్లులు పొడుస్తాయో ఎవరికీ తెలియదు. యూనిట్‌లో ఎంత ఆకు ఉందన్నది అందరికీ ఒకటే నిజం. ఆ నిజం మీద ఒక్కొక్కరి అంచనా ఒక్కోలా ఉంటుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. అందరి అంచనాల్లోనూ తప్పు ఉంటుంది, కొందరిది పైకి, కొందరిది కిందికి. టెండరు ఎవరికి దక్కుతుంది? అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడికి. అంటే పైవైపు తప్పు చేసినవాళ్లలో మొనగాడికి. గెలవడమే అతని లెక్క తప్పిందనడానికి ఒక సూచన. దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాళ్లు అర్థశాస్త్ర పండితులు కారు. అమెరికా చమురు కంపెనీ అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్‌లో పనిచేసే కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజినీర్లు. మెక్సికో సింధుశాఖలో చమురు హక్కులు వేలంలో గెలుచుకున్న కంపెనీలకు అనుకున్నంత లాభం ఎందుకు రావడం లేదని తరచి చూసి, 1971లోనే ఆ వివరణ ఇచ్చారు. దానికి విజేత శాపం అన్న పేరు స్థిరపడింది. ఇలాంటి వేలాల సిద్ధాంతాన్ని తీర్చిదిద్దిన పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో నోబెల్ వచ్చింది.

శాపం ఎంత గట్టిదో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక ఆటగాడి అసలు విలువ 10 కోట్లు అనుకుందాం. పది జట్లూ విడివిడిగా అంచనా వేస్తాయి, ఒక్కో అంచనాలో మామూలుగా 3 కోట్లు అటూఇటూ తేడా ఉంటుంది. అప్పుడు పదింటిలో అన్నిటికంటే పై అంచనా సగటున పద్నాలుగున్నర కోట్ల దగ్గర ఉంటుంది. బోర్డు ఎత్తే వేలంలో అంత మొత్తం కట్టనక్కర్లేదు, రెండో జట్టు చేయి దించిన చోట బేరం ఆగుతుంది. ఆ రెండో పెద్ద అంచనా సగటు 13 కోట్లు. అంటే ఎవరూ మూర్ఖంగా ప్రవర్తించకపోయినా, అందరూ నిజాయితీగా లెక్క వేసినా, 10 కోట్ల మనిషి 13కి పోతాడు. అదే ముగ్గురే పోటీ పడితే? రెండో పెద్ద అంచనా అంటే నడిమి అంచనా, సగటున అది 10 కోట్ల దగ్గరే ఆగుతుంది. ఎన్ని ఎక్కువ చేతులు లేస్తే అంత భయపడాలి. టీవీ ముందు మనం చేసేది దీనికి తలకిందులు. ఆరు జట్లు ఎగబడ్డాయంటే “ఎంత గిరాకీ ఉందో చూడు” అని మురిసిపోతాం.

2022 డిసెంబర్ 23న కొచ్చి వేలంలో సన్‌రైజర్స్ హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొన్నది. ఆ వారంలోనే అతను పాకిస్తాన్‌లో మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, 468 పరుగులు చేసి వచ్చాడు. అందరి కళ్లలో ఆ బ్యాటే మెరుస్తోంది. 2023 సీజన్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో ఒక సెంచరీ కొట్టాడు, బాగానే ఉంది. మిగతా పది మ్యాచ్‌లలో కలిపి 90 పరుగులు. జట్టు అట్టడుగున పదో స్థానంలో నిలిచింది, బ్రూక్‌ను వదిలేశారు. “పదమూడు కోట్లు గోదాట్లో పోసిన్రు” అన్నారు మనవాళ్లు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2024 అక్టోబర్‌లో, అదే బ్రూక్ ముల్తాన్ టెస్టులో 317 చేశాడు. కొనేటప్పుడు జనం వేసిన అంచనా ఒక రకం తప్పయితే, వదిలేటప్పుడు వేసింది రెండో రకం తప్పు.

ఈ రెండో తప్పు మీద కాస్త ఆగాలి. పద్నాలుగు మ్యాచ్‌లు చూసి ఒక బ్యాట్స్‌మన్ గురించి మనకు నిజంగా ఎంత తెలుస్తుంది?

బ్యాటింగ్ ఒక విచిత్రమైన వృత్తి. ఒక్క తప్పుకి రోజు కూలీ పోతుంది. ప్రతి బంతికీ ఔటయ్యే అవకాశం దాదాపు ఒకేలా ఉందనుకుంటే, స్కోర్లు ఒక గుణశ్రేఢిలో పరుచుకుంటాయి. చిన్న స్కోర్లు చాలా, పెద్దవి కొన్నే. 1945లో జి.హెచ్. వుడ్ అనే ఆయన క్రికెట్ స్కోర్లను ఇలా లెక్కగట్టి లండన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. టీ20లో ఓవర్లు అయిపోతే ఆట ఆగుతుంది కాబట్టి ఇది అచ్చంగా సరిపోదు గానీ, మోటుగా పనికొస్తుంది. దీని ప్రకారం నిజమైన సగటు 30 ఉన్న మంచి బ్యాట్స్‌మన్ సగం ఇన్నింగ్స్‌లలో 21 కూడా దాటడు. నూటికి ఇరవై ఎనిమిది సార్లు పది లోపే వెళ్లిపోతాడు. అదే మనిషికి పద్నాలుగు ఇన్నింగ్స్‌లు ఇస్తే కనీసం ఒక్కసారి 90 దాటే అవకాశం సగానికి సగం.

2025లో ఇషాన్ కిషన్ సీజన్ ఇప్పుడు గుర్తు చేసుకోండి. జెడ్డా వేలంలో సన్‌రైజర్స్ పెట్టింది 11.25 కోట్లు. ఉప్పల్‌లో మొదటి మ్యాచ్‌లోనే 47 బంతుల్లో 106 నాటౌట్, జట్టు స్కోరు 286. ఆ రాత్రి “దొరికాడురా మనోడు” అనని వాడు లేడు. సీజన్ చివర్లో బెంగళూరు మీద 94 నాటౌట్. మొత్తం 354 పరుగులు, అంటే ఆ రెండూ తీసేస్తే మిగతా మ్యాచ్‌లన్నిటిలో కలిపి 154. నిలకడ లేదు, మనసు పెట్టడం లేదు, డబ్బు తలకెక్కింది అని రకరకాల కథలు పుట్టాయి. ఆ గుణశ్రేఢి లెక్కలో చూస్తే ఇది వింత సీజనే కాదు. మంచి బ్యాట్స్‌మన్ మామూలు సీజన్ ఇలాగే గడ్డలు గడ్డలుగా ఉంటుంది.

ఇలాంటి స్కోర్లలో ఒడిదుడుకు సగటంతే ఉంటుంది. సగటు 30 అయితే ఒక్కో ఇన్నింగ్స్‌లో తేడా కూడా సుమారు 30. పద్నాలుగు ఇన్నింగ్స్‌ల సగటు తీస్తే ఆ తేడా పద్నాలుగు వర్గమూలంతో భాగించబడి 8కి దిగుతుంది. అంటే అసలు సత్తా 30 ఉన్న ఆటగాడు ఏ తప్పూ చేయకుండానే ఒక సీజన్‌లో 22తోనూ, మరో సీజన్‌లో 38తోనూ కనిపిస్తాడు. మూడు సీజన్లలో ఒకసారి ఈ హద్దులు కూడా దాటిపోతాడు. 22 చేసినప్పుడు వేలానికి వదిలేస్తాం, 38 చేసినప్పుడు కోట్లు కుమ్మరిస్తాం. రెండుసార్లూ కొన్నది, అమ్మింది అదృష్టాన్నే.

కంప్యూటర్లు, విశ్లేషకులు పెరిగారు కదా, ఇంకా తెలివైన సూత్రం పెట్టి ఆ 8ని తగ్గించలేరా? దీనికి సమాధానం చెప్పినవాడు మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, మనం సి.ఆర్. రావు అని పిలుచుకునే ఆయన, పాతికేళ్ల వయసులో 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. వుడ్ క్రికెట్ స్కోర్ల వ్యాసం వచ్చిన సంవత్సరమే ఇదీ. దత్తాంశంలో ఉన్న సమాచారానికి ఒక కొలత ఉంటుందనీ, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఆ కొలత నిర్ణయించే హద్దు కంటే కచ్చితంగా ఉండలేదనీ అందులో నిరూపించాడు. ప్రపంచమంతా క్రామెర్-రావు హద్దు అని చదువుకునేది అదే. మన లెక్కకు దాన్ని అన్వయిస్తే, పద్నాలుగు స్కోర్ల నుంచి పిండగలిగినంత పిండితే మిగిలే తప్పు సరిగ్గా ఆ 8. మామూలు సగటే ఆ హద్దును తాకేస్తుంది. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ స్కోర్లలోంచి అంతకంటే రాదు. మరింత తెలియాలంటే స్కోర్లు కాని వేరే సమాచారం తేవాల్సిందే. బంతి వేగాన్ని బట్టి ఎలా ఆడతాడు, షార్ట్ బంతికి వెనక్కి జరుగుతాడా, మోకాలు ఎలా ఉంది, ఇలాంటివి.

బేస్‌బాల్ వాళ్ల పరిస్థితి మనకంటే చాలా నయం. ఒక్కో జట్టు సీజన్‌కు 162 ఆటలు ఆడుతుంది, నిలకడగా ఆడే హిట్టర్‌కు అయిదు వందల దాకా లెక్కలోకి వచ్చే అవకాశాలు దొరుకుతాయి. పదింట మూడు కొట్టేవాడు, అంటే వాళ్ల లెక్కలో 0.300, వాళ్లకు గొప్ప ఆటగాడు. అయిదు వందల అవకాశాల మీద ఆ సంఖ్యలో తప్పు 0.020 మాత్రమే, నూటికి ఏడు పాళ్లు. మన టీ20 సీజన్‌లో అది నూటికి ఇరవై ఏడు పాళ్లు. బేస్‌బాల్‌లో ఒక్క సీజన్ ఇచ్చే స్పష్టత మనకు రావాలంటే రెండు వందల పైచిలుకు ఇన్నింగ్స్‌లు కావాలి, ఐపీఎల్‌లో అది పదిహేను సీజన్లు. ఈలోపు ఆటగాడు రిటైరై కామెంటరీ చెబుతుంటాడు. అయినా బేస్‌బాల్ అభిమానుల వాదనలు ఆగాయా అంటే లేదు. 0.300 వాడికీ 0.275 వాడికీ మధ్య జీతంలో కొండంత తేడా ఉంటుంది, ఆ 0.025 మాత్రం ఒక సీజన్ అదృష్టానికి అటూఇటూగా సరిపోతుంది. ఇంత సందిగ్ధం మీద న్యూయార్క్ మెట్స్ 2024 డిసెంబర్‌లో హువాన్ సోటోకు పదిహేనేళ్లకు 76.5 కోట్ల డాలర్లు ఇస్తామని సంతకం పెట్టింది. పదిహేనేళ్లు! మనవాళ్లు మూడు నాలుగేళ్లకొకసారి అంతా విప్పి మళ్లీ కుట్టుకోవడం ఈ ఒక్క విషయంలో తెలివైన పనే.

సి.ఆర్. రావు హద్దులో “పక్షపాతం లేని” అన్న షరతు ఒకటి ఉంది చూడండి, అందులోంచి ఒక దారి బయటికి పోతుంది. కావాలనే కొంచెం పక్షపాతం కలిపితే? 1956లో చార్ల్స్ స్టైన్ ఈ దారి కనిపెట్టాడు. చాలామందిని ఒకేసారి అంచనా వేయాల్సి వస్తే, ఒక్కొక్కరి సంఖ్యను అందరి సగటు వైపు కొంచెం లాగితే మొత్తం మీద తప్పు తగ్గుతుందని చూపించాడు. తోటి శాస్త్రవేత్తలకే ఇది మొదట మింగుడు పడలేదు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ దీన్ని నమ్మించడానికి బేస్‌బాల్‌నే వాడుకున్నారు. 1970 సీజన్‌లో పద్దెనిమిది మంది ఆటగాళ్ల మొదటి 45 అవకాశాలు తీసుకుని, మిగతా సీజన్‌లో ఏం చేస్తారో ఊహించారు. ఎవరి సంఖ్య వారిదిగా ఉంచితే వచ్చిన మొత్తం తప్పు, అందరినీ సగటు వైపు లాగాక మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. ఆరంభంలో రెచ్చిపోయినవాడు తర్వాత దిగుతాడు, తడబడ్డవాడు లేస్తాడు. పేరున్న జట్ల లెక్కల గదుల్లో ఇవాళ జరిగేది చాలావరకు ఈ లాగుడే.

కానీ ఆ పద్దెనిమిది మందిలో ఒకడున్నాడు. రాబర్టో క్లెమెంటే. మొదటి 45లో 18 కొట్టాడు, 0.400. అందరి సగటు 0.265. సూత్రం అతన్ని కిందికి లాగి 0.290 దగ్గర పెట్టింది. మిగతా సీజన్ అతను 0.346 చేశాడు. జాబితా మొత్తానికి మేలు చేసిన సూత్రం ఆ జాబితాలోని మహానుభావుడి దగ్గర ఘోరంగా తప్పింది. ఇది యాదృచ్ఛికం కాదు. నిజంగా అసాధారణమైనవాణ్ణి సగటు వైపు లాగితే నష్టపోయేది వాడే. ఈ సంగతిని పక్కన పెట్టుకోండి, దీనితో పని ఉంది.

వేలం కాక రెండో రకం బేరం మార్పిడి. ఇక్కడ శాస్త్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది: అంత మంచివాడైతే వాళ్లెందుకు వదులుతున్నారు? పాత కార్లు అమ్మేవాడికి కారు గుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు, అందుకే సంతలో చెడ్డ కార్లే మిగులుతాయని జార్జ్ అకెర్లాఫ్ 1970లో చెప్పాడు. 1984లో కెన్నెత్ లేన్ దీన్ని బేస్‌బాల్ మీద పరీక్షించాడు. పాత జట్టే మళ్లీ ఒప్పందం చేసుకున్నవాళ్ల కంటే, జట్టు మారినవాళ్లు ఆ తర్వాత గాయాల జాబితాలో ఎక్కువ రోజులు గడిపారని తేలింది. మోకాలి సంగతి పాత జట్టు డాక్టరుకే కదా తెలిసేది. మహమ్మద్ షమీ వ్యవహారం మీద మన టీ కొట్ల దగ్గర జరిగిన రచ్చ ఇదే. 2023 ప్రపంచ కప్‌లో 24 వికెట్లు, తర్వాత మడమకు శస్త్రచికిత్స, జెడ్డాలో సన్‌రైజర్స్ పెట్టిన 10 కోట్లు, 2025లో తొమ్మిది మ్యాచ్‌లకు ఆరు వికెట్లు. ఏడాది తిరిగేసరికి అదే 10 కోట్లకు లక్నోకు బదిలీ.

ఒక మాట, ఐపీఎల్‌లో ఆటగాడు ఒప్పుకుంటేనే బదిలీ. అమెరికాలో ఆ మర్యాద ఉండేది కాదు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు పోనన్నాడు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1972లో ఓడిపోయాడు. అక్కడ స్వేచ్ఛగా జట్టు ఎంచుకునే హక్కు 1975 చివర్లో గానీ రాలేదు.

మార్పిడిని ఎప్పుడు తూచాలన్నది మరో చిక్కు. 2019 సీజన్‌కు ముందు సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్‌ను, షాబాజ్ నదీమ్‌ను, వాళ్లతో పాటు అభిషేక్ శర్మ అనే కుర్రాణ్ణి తెచ్చుకుంది. ధావన్ ఢిల్లీకి ఆ ఏడాది 521, మరుసటి ఏడాది 618 పరుగులు చేశాడు. 2020లో ఎవరిని అడిగినా మనం మోసపోయామనే చెప్పేవారు. 2024లో అభిషేక్ 204 స్ట్రైక్ రేటుతో 484 కొట్టాక ఆ బేరం రంగే మారిపోయింది. మధ్యలో 2022 వేలంలో అతన్ని మళ్లీ 6.5 కోట్లు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చిందనుకోండి, అది వేరే ఖాతా. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద షమీ నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు, పంజాబ్ చేసిన 245ను ఛేదిస్తూ అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు. వేలంలో అందరూ పోటీపడి కొన్నవాడూ, మార్పిడిలో మూడో పేరుగా వచ్చినవాడూ ఒకే రాత్రి ఒకే మైదానంలో ఉన్నారు.

అభిషేక్ సంగతి నేను ముందే చెప్పానని ఇప్పుడు చాలామంది అంటారు. అబద్ధం ఆడుతున్నారని నేననను. 1972లో నిక్సన్ చైనా, సోవియట్ యాత్రలకు ముందు బరూచ్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ విద్యార్థుల్ని ఏం జరుగుతుందో ఊహించమన్నారు. యాత్రలు ముగిశాక, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు చేసుకోమన్నారు. జరిగిపోయిన వాటిని తాము అంత గట్టిగా ఊహించామని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు, రాసిచ్చిన కాగితాలు మాత్రం వేరేలా ఉన్నాయి. నా సలహా ఒక్కటే, వేలం రోజు పందెం కాసేటప్పుడు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. స్నేహాలు చెడితే నన్ననొద్దు.

ఒక్కడిని కొంటే జట్టు మారిపోతుందన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. కోయగూడేల్లో క్రికెట్ కంటే ముందునుంచీ ఉన్న ఆట కబడ్డీ. ప్రొ కబడ్డీ పదో సీజన్ కోసం తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్నది. జట్టు పర్సే 5 కోట్లు, సగానికి పైగా ఒక్కడికి. అతను తన వంతు ఆడాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే గెలిచింది. కూతకు వెళ్లినవాడు పట్టుబడితే బయట కూర్చోవాలి, సాటివాళ్లు పాయింటు తెస్తేనే మళ్లీ లోపలికి. మిగతా ఆరుగురు బలహీనులైతే కోట్ల రైడర్ బెంచీ మీదే ఉంటాడు. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ అటు వైపువాడి మీద ఇంతగా ఆధారపడడు. అందుకని ఏ ఆటలో సితారను కొనాలి, ఏ ఆటలో కంతలు పూడ్చాలి అన్నది ఆట నిర్మాణమే చెబుతుంది.

ఇక క్లెమెంటే దగ్గర పక్కన పెట్టిన సంగతి. గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. ఆమె ఆట కోసం కుటుంబం ఊరు వదిలి హైదరాబాద్ చేరింది. 2023లో మొదటి అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది, ఇంగ్లండ్‌తో ఫైనల్‌లో 24 పరుగులు చేసింది. 2025లో కౌలాలంపూర్‌లో రెండో కప్. స్కాట్లండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలోనే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 82కే కూలితే అందులో 15 పరుగులకు 3 వికెట్లు ఆమెవే, తర్వాత 44 నాటౌట్. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి. ఆ కప్పు ఆడేనాటికి ఆమె మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఏ జట్టులోనూ లేదు. ఆ నవంబర్‌లో ఢిల్లీలో జరిగిన వేలంలో యూపీ వారియర్స్ తీసుకుంది. ధర 10 లక్షలు, అంటే కనీస ధర.

“కప్పు తెచ్చిన పిల్లకు పది లచ్చలేంది?” అని భద్రాచలంలో కోపం వస్తే అర్థం చేసుకోగలను. లెక్క ప్రకారం మాత్రం జట్లు పూర్తిగా తప్పు చేయలేదు. ఏడు మ్యాచ్‌లు, అందులోనూ అండర్-19 బౌలింగ్. అంత కొద్ది సమాచారాన్ని సగటు వైపు గట్టిగా లాగాలనే స్టైన్ సూత్రం చెబుతుంది. నా అభ్యంతరం ఇంకో చోట ఉంది. ఏ సగటు వైపు లాగాలి? ముంబయిలోనో బెంగళూరులోనో పెరిగిన పిల్ల గురించి అయితే ఆ మైదానాల నుంచి వచ్చిన ఎందరి చరిత్రో జట్ల దగ్గర ఉంది. గోదావరి ఒడ్డున ఈ అడవి అంచు నుంచి వచ్చిన పిల్లకు పోల్చి చూసే గుంపే లేదు. తెలియనప్పుడు విశ్లేషకుడు చేసే పని అందరి సగటునూ తగిలించడం. క్లెమెంటే విషయంలో సూత్రం ఎక్కడ తప్పిందో, ఇలాంటి చోట కూడా సరిగ్గా అక్కడే తప్పే అవకాశం ఉంది.

సమాచారం పెరిగితే ధర ఎలా కదులుతుందో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి చూపించింది. 2024 డిసెంబర్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షలకు కొన్నది. 2025 నవంబర్ 2న భారత్ గెలిచిన ప్రపంచ కప్‌లో తొమ్మిది మ్యాచ్‌లలో 14 వికెట్లు తీసింది. అదే నెల వేలంలో అదే జట్టు 1.3 కోట్లు ఇచ్చి వెనక్కి తెచ్చుకుంది. చేతిలోని స్పిన్ ఏడాదిలో రెట్టింపు కాలేదు, అందరికీ కనిపించింది, అంతే.

తునికాకు గుత్తేదారుకు తెలియనితనం భయం. ఆకు పాడైతే కట్టిన డబ్బంతా మునుగుతుంది. ఆటగాళ్ల వేలంలో కింది మెట్టు మీద ఈ లెక్క తిరగబడుతుంది. 10 లక్షలకు కొన్నప్పుడు నష్టానికి అడుగు ఉంది, 15 కోట్ల పర్సులో అది కనిపించను కూడా కనిపించదు. లాభానికి మాత్రం పైకప్పు లేదు. అలాంటి చోట అంచనాలో తేడా ఎంత ఎక్కువ ఉంటే కొన్నవాడికి అంత మేలు. బాగా తెలిసిన మధ్యరకం క్రీడాకారిణి కంటే, సత్తా ఎంతో ఇంకా తెలియని ఒక త్రిషకే 10 లక్షలు పెట్టడం తెలివైన పందెం. షేర్ల మార్కెట్‌లో ఆప్షన్లకు వెల కట్టే పద్ధతీ ఇదే తర్కం మీద నడుస్తుంది. అనిశ్చితి పెరిగిన కొద్దీ ఆప్షన్ విలువ పెరుగుతుంది. పై మెట్టు మీద 13 కోట్లు పెట్టేవాడు అనిశ్చితికి భయపడాలి, కింది మెట్టు మీద 10 లక్షలు పెట్టేవాడు దాన్ని వెతుక్కుంటూ పోవాలి.

త్రిష 309తో బద్దలుకొట్టిన రికార్డు 2023 అండర్-19 ప్రపంచ కప్‌లో 297 చేసిన శ్వేతా సెహ్రావత్‌ది. త్రిషను కొన్న ఆ 2025 వేలానికి ముందు యూపీ వారియర్స్ జట్టంతటినీ వదిలేసి ఒక్కరినే అట్టిపెట్టుకుంది. ఆ ఒక్కరు శ్వేతే, 50 లక్షలకు.